ఔట్‌బోర్డ్ మిస్సింగ్ కొడుతోందా? ఈసీయూ కొనే ముందు పెట్రోల్ వచ్చే దారి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. చెన్నై దగ్గరి కోవళంలో ఉంచే ఫైబర్ బోటుకి సెకండ్ హ్యాండ్‌లో కొన్న 60 హెచ్‌పీ ఫోర్‌స్ట్రోక్ ఔట్‌బోర్డ్ (బోటు వెనక తగిలించే ఇంజన్), మూడు సిలిండర్లు, ఫ్యూయల్ ఇంజెక్షన్. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలకి బోటు గట్టు మీదే ఉంది. జనవరిలో దించాక స్టార్టింగ్ బాగానే ఉంది గానీ ఐడ్లింగ్‌లో వణుకుతోంది, గేరు వేస్తే ఒక్కోసారి ఆగిపోతోంది. సముద్రంలో 3,500 ఆర్‌పీఎం దాటించి నడిపితే ఓ పది నిమిషాలకి లాగడం తగ్గి మిస్సింగ్ మొదలవుతోంది. స్లో చేసి ఓ నిమిషం ఆగితే మళ్ళీ మామూలు. ప్లగ్గులు మార్చినా లాభం లేదు. మెకానిక్ ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) పోయిందంటున్నాడు, కొనాలా అని మీ ప్రశ్న.

ఇప్పుడే కొనకండి. మీరు చెప్పిన లక్షణాలు ఈసీయూవి కావు, ఇంజన్‌కి పెట్రోల్ చాలకపోవడానివి. ట్యాంకు నుంచి ఇంజెక్టర్ దాకా ఉన్న దారిలో ఎక్కడో అడ్డు ఉంది, లేదా గాలి పీలుస్తోంది, లేదా పెట్రోల్‌లో నీళ్ళు ఉన్నాయి. వణుకుడు కూడా అందులోంచే వచ్చి ఉండవచ్చు, వేరే చిన్న లోపం కూడా కావచ్చు. దాని సంగతి తర్వాత చెప్తాను.

చెన్నై కాశిమేడులో చేపల బోట్ల ఔట్‌బోర్డ్‌లతో పని మొదలుపెట్టి, ఇప్పుడు ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) వైపు రిసార్టు బోట్లు, గాలం వేటకి వెళ్ళే బోట్లు ఎక్కువగా చూస్తున్నాను. కార్బ్యురేటర్ ఇంజన్లు పోయి ఇంజెక్షన్ వచ్చాక ఏది పాడైనా "కంప్యూటర్ పోయింది" అనడం అలవాటైంది. నా దగ్గరికి ఆ మాటతో వచ్చిన ఇంజన్లలో నిజంగా ఈసీయూ పోయినవి చాలా అరుదు. అది రెసిన్‌లో పోతపోసిన పెట్టె, లోపల కదిలేదేమీ లేదు. బ్యాటరీ వైర్లు తిరగేసి తగిలించినప్పుడో, నీళ్ళు కనెక్టర్‌లోకి దిగినప్పుడో పోతుంది. పోయినప్పుడు సాధారణంగా ఒక సిలిండర్‌కి స్పార్క్ అసలే రాదు, లేదా ఇంజన్ స్టార్టే అవదు. పది నిమిషాలు బాగా నడిచి, స్లో చేయగానే నిమిషంలో కోలుకోవడం దాని తీరు కాదు.

ఆ "నిమిషంలో కోలుకోవడం" అన్నదే మీ ప్రశ్నలో అసలు క్లూ. దీన్ని కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతా పని మీరే సగం చేసుకోగలరు.

మీ ఇంజన్‌లో రెండు దశల్లో పెట్రోల్ నడుస్తుంది. ముందు ఒక చిన్న పంపు ట్యాంకు నుంచి పెట్రోల్‌ని లాగి, ఇంజన్ పక్కనే ఉండే చిన్న డబ్బాలో నింపుతుంది. దీన్ని వేపర్ సెపరేటర్ అంటారు, మేము వీఎస్‌టీ అనేస్తాం. అందులో కార్బ్యురేటర్‌లో ఉన్నట్టే ఫ్లోట్, నీడిల్ ఉంటాయి. రెండో పంపు ఆ డబ్బాలో నుంచి తీసి ఎక్కువ ప్రెషర్‌తో ఇంజెక్టర్ల రైలుకి, అంటే ఇంజెక్టర్లన్నిటికీ పెట్రోల్ పంచే గొట్టానికి పంపుతుంది. 60 హెచ్‌పీ ఇంజన్ ఫుల్ థ్రాటిల్‌లో గంటకి సుమారు 20 లీటర్లు తాగుతుంది, ఐడ్లింగ్‌లో ఒకటి రెండు లీటర్లే. గంటకి 15 లీటర్లు మాత్రమే పోనిచ్చే అడ్డు ఏదైనా దారిలో ఉంటే, జెట్టీ దగ్గర ఎంతసేపు నడిపినా తెలియదు. వేగంగా పోతున్నప్పుడు వీఎస్‌టీ మెల్లగా ఖాళీ అవుతుంది, ప్రెషర్ పడిపోతుంది, ఇంజన్ దగ్గడం మొదలుపెడుతుంది. స్లో చేస్తే డబ్బా మళ్ళీ నిండుతుంది. అందుకే మీకు మళ్ళీ కాసేపు బాగా నడుస్తోంది.

వేడికి ఇగ్నిషన్ కాయిల్ పోయే కేసులు కూడా ఉన్నాయి, కాదనను. కానీ వేడెక్కిన కాయిల్ నిమిషంలో చల్లారదు, అరగంట పడుతుంది. తీరులోనూ తేడా ఉంటుంది. స్పార్క్ పోతే టక్కున కొట్టినట్టు ఆగుతుంది, మళ్ళీ టక్కున వస్తుంది. పెట్రోల్ చాలకపోతే మెల్లగా నీరసపడుతూ పడిపోతుంది. ఈసారి బోటెక్కినప్పుడు గమనించండి.

ఇప్పుడు చూడాల్సిన వరుస. డబ్బు ఖర్చు లేనివి ముందు.

పోర్టబుల్ ట్యాంకైతే మూత మీది గాలి స్క్రూ తెరిచి ఉందా? బిగించి మర్చిపోతే ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి సరిగ్గా పది పదిహేను నిమిషాలకి ఇంజన్ చాలించుకుంటుంది. బోటులో బిగించిన ట్యాంకైతే గాలి గొట్టం బయటి మూతి చూడండి. వానల్లో మూడు నెలలు ఆపిన బోటులో ఆ గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టడం నేను చాలాసార్లు చూశాను. మిస్సింగ్ మొదలైన క్షణంలో ట్యాంకు మూత వదులు చేయించండి. గాలి లోపలికి పీల్చిన చప్పుడు వచ్చి ఇంజన్ కోలుకుంటే మీ వెతుకులాట అక్కడితో అయిపోయినట్టే.

తర్వాత చేతి బల్బు, అంటే పెట్రోల్ గొట్టం మధ్యలో ఉండే, చేత్తో పిసికే రబ్బరు ఉండ. మిస్సింగ్ వస్తున్న సమయంలోనే ఒకరు స్టీరింగ్ పట్టుకుంటే ఇంకొకరు బల్బుని పిసకండి. పిసకగానే ఇంజన్ లాగితే ఇంజెక్టర్లు, కాయిల్స్, ఈసీయూ అన్నీ బాగున్నట్టే, కావాల్సింది పెట్రోల్. బల్బు చప్పిడి పడి లోపలికి పీల్చుకుపోయి ఉంటే అడ్డు బల్బుకి ముందు ఉంది: ట్యాంకు గాలి, పికప్ (ట్యాంకులోంచి పెట్రోల్ పీల్చే గొట్టం) జాలి, లేదా బిగించిన ట్యాంకులకి పెట్రోల్ దానంతటదే కారిపోకుండా ఉండే యాంటీ సైఫన్ వాల్వ్. బల్బు గట్టిగా ఉండి కూడా ఇంజన్‌కి చాలడం లేదంటే అడ్డు బల్బు తర్వాత ఉంది. బల్బు మెత్తగా ఉండి, ఎంత పిసికినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా బల్బులోని వాల్వ్ పోయింది. పిసికితే ఇంకా ఎక్కువ దగ్గి నల్లపొగ కక్కితే వీఎస్‌టీ నీడిల్ మూసుకోవడం లేదని అనుమానించాలి.

ముట్టుకాడు వైపు ఒక రిసార్టు బోటు ఇలాగే వచ్చింది. అప్పటికే పంపు, కాయిల్స్, ఫిల్టర్ అన్నీ మార్చేశారు. బల్బు రాయిలా గట్టిగా ఉంది, ఇంజన్ మాత్రం నీరసం. అంటే అడ్డు బల్బుకీ ఇంజన్‌కీ మధ్య ఉండాలి. అక్కడ ఉన్నది గొట్టం ఒక్కటే. బయటికి కొత్తదానిలా మెరుస్తోంది. కత్తితో నిలువుగా చీల్చి చూపించాను. లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతోంది. పెట్రోల్ వేగంగా పోయినప్పుడు లేచి దారి మూస్తుంది, స్లో చేస్తే పడుకుంటుంది. ఇథనాల్‌కి పనికిరాని చవకరకం గొట్టాలకి ఇది మామూలే. కాబట్టి గొట్టం కొనేటప్పుడు "బైకు గొట్టం సరిపోతుందిలే" అనుకోకండి. మెరైన్ పెట్రోల్‌కి, ఇథనాల్ తట్టుకునేదని ముద్ర ఉన్నదే తీసుకోండి.

ఇవన్నీ ఒక్కొక్కటిగా చూసే ఓపిక లేకపోతే ఒక అడ్డదారి ఉంది, నేను ఎక్కువగా దీంతోనే మొదలుపెడతాను. వేరే శుభ్రమైన పోర్టబుల్ ట్యాంకు, కొత్త గొట్టం, కొత్త బల్బు, అదే రోజు బంకులో పోయించిన పెట్రోల్ పెట్టి బోటుని బయటికి తీసుకెళ్ళండి. తోటి బోటువాళ్ళ దగ్గర అడిగితే ట్యాంకు దొరుకుతుంది. అరగంట ఫుల్ మీద నడిచినా మిస్సింగ్ రాకపోతే మీ ఇంజన్‌కి రోగం లేదు, మీ బోటు ట్యాంకుకీ గొట్టానికీ ఉంది. వస్తే ఆ రెండూ నిర్దోషులు, ఇంజన్ లోపల వెతకాలి. ఒక్క పూట పనితో సగం అనుమానాలు కొట్టేయవచ్చు. కొత్త సామాను కొనడం మొదలుపెట్టాల్సింది దీని తర్వాతే.

నీళ్ళ సంగతి. 2025 నాటికి మన బంకుల్లో దొరికే పెట్రోల్ దాదాపు అంతా 20 శాతం ఇథనాల్ కలిసిందే. చాలా ఔట్‌బోర్డ్‌ల మాన్యువల్‌లో 10 శాతం దాకానే అనుమతి ఉంటుంది, మీది చూసుకోండి. ఇథనాల్ నీటిని పట్టుకుంటుంది. కొంతవరకు కలుపుకుని తెలియకుండా ఉంచుతుంది, హద్దు దాటాక మాత్రం ఇథనాల్, నీళ్ళు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకి చేరతాయి. ట్యాంకు పికప్ ఉండేది కూడా అడుగునే. అంటే ఇంజన్ మొట్టమొదట తాగేది ఆ అడుగు పొరనే. పైన మిగిలిన పెట్రోల్‌కి ఆక్టేన్ తగ్గి ఉంటుంది. చెన్నై ఉప్పుగాలిలో, నవంబర్ వానల్లో, సగం ఖాళీ ట్యాంకుతో మూడు నెలలు ఆపిన బోటుకి ఇది జరిగి ఉండవచ్చు.

చూడటం తేలిక. వాటర్ సెపరేటర్ ఫిల్టర్ విప్పి, అందులో ఉన్నదంతా తెల్ల గాజు సీసాలో పోసి పావుగంట కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర గీతలా కనిపించినా, పెట్రోల్ మజ్జిగ తేటలా మసకగా ఉన్నా ట్యాంకు మొత్తం తీసేయాల్సిందే. విడిపోయిన పెట్రోల్‌ని ఏ మందు పోసినా మళ్ళీ కలపలేరు. సీసాల్లో అమ్మే అడిటివ్‌లు ముందు జాగ్రత్తకి కొంత పనికొస్తాయేమో గానీ, అయిపోయినదాన్ని బాగుచేయవు. ఫిల్టర్ ఒక్కటి మార్చి ఊరుకోవడం కూడా వృథా. డెక్ మీద పెట్రోల్ పోసే మూత రబ్బరు రింగు ఎండిపోయి, బోటు కడిగిన ప్రతిసారీ నీళ్ళు దిగుతుంటే, కొత్త ఫిల్టర్ మళ్ళీ వారానికే నిండిన కేసు నా దగ్గరికి వచ్చింది. ఆ రింగు ధర ఫిల్టర్ ధరలో పదో వంతు కూడా ఉండదు. నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో తేలాకే కొత్త పెట్రోల్ పోయండి.

వేరే ట్యాంకుతో కూడా మిస్సింగ్ వస్తే మాత్రం మెకానిక్ చేత రైలు ప్రెషర్ కొలిపించండి. ఇది అడగడానికి మొహమాటపడకండి. చాలా ఇంజన్లలో ఈ ప్రెషర్ సుమారు 36 నుంచి 44 పీఎస్ఐ మధ్య ఉంటుంది, మీ మోడల్ అంకె సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. గేజ్ పెట్టి జెట్టీ దగ్గర చూసి "బాగానే ఉంది" అంటే సరిపోదు. గేజ్‌తోనే బయటికి వెళ్ళి, లాగడం తగ్గిన క్షణంలో ముల్లు ఎక్కడుందో చూడాలి. ముల్లు నిలకడగా ఉండి మిస్సింగ్ వస్తే పెట్రోల్‌ని వదిలేసి స్పార్క్ వైపు వెళ్ళవచ్చు. ముల్లు పడిపోతే వీఎస్‌టీ నిండుగా ఉందో లేదో చూడాలి. ఖాళీ అయితే మొదటి పంపు, దాని డయాఫ్రమ్ (లోపల కదిలే పలచటి పొర). నిండుగా ఉంటే రెండో పంపు, దాని కాళ్ళ దగ్గర ఉండే చిన్న జాలి, ప్రెషర్ రెగ్యులేటర్, చివరగా ఆ పంపుకి అందే కరెంటు. మూడు నెలలు నిలిచిన పెట్రోల్ వీఎస్‌టీ అడుగున గోధుమరంగు జిగురుగా పేరుకుని ఆ జాలిని పట్టేయడం నేను అందరికంటే ఎక్కువగా చూసే జబ్బు. నన్ను పందెం కాయమంటే మీ ఇంజన్‌లో కూడా గాలి గొట్టమో, ఈ జాలియో అంటాను.

కరెంటు అన్నాను కదా, ఇది చాలామంది వదిలేస్తారు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.5 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. అంతే వోల్టేజ్ పంపు ప్లగ్ దగ్గర కూడా వస్తోందా చూడాలి. ఉప్పుగాలికి ఎర్త్ వైరు కొసన పచ్చటి చిలుము పట్టి, బ్యాటరీ దగ్గర 14 ఉన్నా పంపు దగ్గర 11కి పడిపోయిన ఇంజన్లు ఉన్నాయి. బ్యాటరీకి చేత్తో తిప్పే రెక్కల నట్లు ఉంటే తీసేసి స్పానర్‌తో బిగించే నట్లు వేయండి. అల మీద బోటు ఎగిరి పడ్డప్పుడల్లా మిస్సింగ్ వచ్చిందంటే మొదట అక్కడే చూస్తాను.

ఇక ఐడ్లింగ్ వణుకుడు. పెట్రోల్ దారి శుభ్రం చేశాక కూడా ఉంటే ఏ సిలిండర్ పని చేయడం లేదో కనుక్కోవాలి. ఐడ్లింగ్‌లో ఒక్కో ఇంజెక్టర్ ప్లగ్‌ని, లేదా కాయిల్ చిన్న కనెక్టర్‌ని, ఒకసారి ఒకటే తీసి పెట్టండి. తీయగానే ఇంజన్ ఇంకా కుంటితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు. తీసినా తేడా లేకపోతే దొంగ వాడే. స్పార్క్ ప్లగ్ మీది లావు వైరు మాత్రం నడుస్తుండగా పీకకండి. పాత టూస్ట్రోక్ రోజుల అలవాటు అది. ఎగిరిన స్పార్క్ నిజంగానే ఈసీయూని చంపగలదు, చుట్టూ పెట్రోల్ ఆవిరి ఉంటే మిమ్మల్ని కూడా.

దొరికిన సిలిండర్‌లో ఇంజెక్టర్‌ని పక్క సిలిండర్‌తో మార్చి చూడండి. లోపం కూడా వెంట వెళ్ళిందా? ఇంజెక్టర్. వెళ్ళలేదా? కాయిల్‌ని అలాగే మార్చండి. అదీ కాకపోతే కంప్రెషన్, అంటే సిలిండర్ లోపల ఏర్పడే ప్రెషర్. అన్ని ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, కిల్ స్విచ్ (ఇంజన్‌ని ఆపేసే స్విచ్) తాడు తీసేసి కొలవాలి. ఫోర్‌స్ట్రోక్‌లలో కొన్నింటికి స్టార్టింగ్ తేలికయ్యేలా ఆ ప్రెషర్‌ని కాస్త తగ్గించే డీకంప్రెషన్ ఉంటుంది కాబట్టి అంకె తక్కువగా కనిపిస్తే కంగారు పడకండి. సిలిండర్ల మధ్య తేడా 10, 15 శాతం దాటిందా అన్నదే ముఖ్యం. సెకండ్ హ్యాండ్ ఇంజన్ కదా, ఇది ఎలాగూ ఒకసారి కొలిపించుకోవడం మంచిది.

మూడు సిలిండర్లూ పనిచేస్తూ ఆర్‌పీఎం మాత్రం పైకీ కిందకీ ఊగుతుంటే ఐడిల్ ఎయిర్ వాల్వ్‌లో (ఐడ్లింగ్‌లో ఇంజన్‌కి గాలి అందించేది) మసి, ఉప్పు పేరుకున్నాయేమో, మ్యాప్ సెన్సర్‌కి (ఇంజన్‌లోకి వెళ్ళే గాలి ప్రెషర్‌ని కొలిచేది) వెళ్ళే సన్న గొట్టం పగిలిందేమో చూడాలి. గేరు వేయగానే ఆగిపోయేది కూడా చాలాసార్లు ఈ వాల్వ్ వల్లే. ఇంకోటి: ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. లెవెల్ పెరిగి పెట్రోల్ కంపు కొడుతుంటే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయి ఇంజన్ వేడెక్కడం లేదేమో, ఈసీయూ చలిలో ఉన్నాననుకుని ఎక్కువ పెట్రోల్ పోస్తోందేమో చూడాలి. ఈసీయూ తప్పు చేయడం లేదు, దానికి అందిన సమాచారం అలాంటిది. అలా పలచబడ్డ ఆయిల్‌తో మాత్రం నడపకండి, బేరింగ్‌లు పోతాయి.

కొత్త ప్లగ్గులు ఏవి వేశారో కూడా చూడండి. రెసిస్టర్ రకం కాకపోతే ఆ స్పార్క్ గోల ఈసీయూకి తగిలి పిచ్చి లక్షణాలు వస్తాయి. షాపులో "ఇదే సైజు" అని ఇచ్చినది కాకుండా మాన్యువల్‌లో ఉన్న నంబరే వేయాలి.

రెండు విషయాల్ని మిస్సింగ్ అని పొరబడతారు. ఒకటి, ఇంజన్ వేడెక్కినా, ఆయిల్ ప్రెషర్ తగ్గినా ఈసీయూ తనే ఆర్‌పీఎం తగ్గించేస్తుంది, బజర్ మోగుతుంది. వెనక నీటి ధార సరిగా పడుతోందా, బజర్ వైరు ఎవరైనా పీకేశారా చూడండి. సెకండ్ హ్యాండ్ ఇంజన్లలో ఆ పని చేసేవాళ్ళు ఉన్నారు. రెండోది ప్రొపెల్లర్. న్యూట్రల్‌లో నున్నగా ఉండి గేరులో మాత్రమే వణికితే ప్రొపెల్లర్ విప్పి షాఫ్ట్‌కి నైలాన్ దారం చుట్టుకుందేమో చూడాలి. ఇంజన్ గోల పెరిగి బోటు వేగం పెరగకపోతే ప్రొపెల్లర్ లోపలి రబ్బరు బుష్ జారుతోంది. బుష్ మీదా దాని చుట్టూ ఉన్న ప్రొపెల్లర్ మీదా కలిపి పెయింట్‌తో ఒక గీత గీసి నడపండి, తిరిగొచ్చాక గీత విరిగి ఉంటే బుష్ పోయింది.

లాప్‌టాప్ పెట్టి ఈసీయూలో నమోదైన లోపాల కోడ్ చదివించడం మంచిదే. కానీ కోడ్ లేకపోతే లోపం లేదని కాదు. ట్యాంకు గొట్టంలో కందిరీగ గూడు ఉందని ఏ సెన్సరూ చెప్పలేదు. మీ మెకానిక్‌ని ఒక్కటే అడగండి, మర్యాదగానే: "అన్నా, ఈసీయూ పోయిందని ఏ కొలతతో తెలిసింది?" కోడ్ నంబరో, వోల్టేజో, ప్రెషరో చెప్తే వినండి. "మిగతావన్నీ మార్చేశాం కాబట్టి" అంటే అది కొలత కాదు. ఎలక్ట్రికల్ సామాను ఒకసారి కొంటే షాపువాళ్ళు వాపసు తీసుకోరని కూడా గుర్తుంచుకోండి.

జాగ్రత్తలు తప్పకుండా పాటించండి. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, బోటు అడుగున చేరి నిలుస్తుంది. పెట్రోల్ గొట్టం విప్పే ముందు బ్యాటరీ వైరు తీసేయండి, రైలులో ప్రెషర్ ఉంటుంది కాబట్టి గుడ్డ చుట్టి వదులు చేయండి, సిగరెట్ దగ్గరికి రానివ్వకండి. నీళ్ళు లేకుండా ఇంజన్ కొన్ని సెకన్లు నడిపినా నీళ్ళ పంపులోని రబ్బరు ఇంపెల్లర్ కాలిపోవచ్చు. ట్రయల్‌కి ఒంటరిగా వెళ్ళకండి. సముద్రం కంటే ముట్టుకాడు బ్యాక్‌వాటర్ లాంటి చోట లోతు, అనుమతి చూసుకుని చేస్తే మేలు. సముద్రంలోనే చేయాల్సి వస్తే లంగరు, తెడ్డు, లైఫ్ జాకెట్లు, ఒడ్డున ఫోన్ ఎత్తే మనిషి ఉండాలి.

వేరే ట్యాంకుతో నడిపిన ఫలితం, మిస్సింగ్ సమయంలో బల్బు ఎలా ఉందో, సీసాలో ఏం కనిపించిందో, ఈ మూడూ ఇక్కడే రాయండి. వీలైతే రైలు ప్రెషర్ అంకె కూడా. అవి చూశాక వీఎస్‌టీ విప్పాలా, స్పార్క్ వైపు వెళ్ళాలా చెప్తాను.